ప్రకటన తర్వాత ఖాతూన్‌బీ

ఆ మంగళవారం పొద్దున రసూల్ సాబ్ పెట్టుకున్న పనులు మూడే. ఎనిమిదింటికి ఉగ్గాని తినడం, తొమ్మిదింటికి గంగాధరప్ప బట్టల అంగడి ప్రకటనను మైకు ఆటోలకు పంపడం, పదింటికి క్షౌరం చేయించుకోవడం. వీటిలో మొదటిది మాత్రం అనుకున్నట్టే జరిగింది.

కదిరిలో రసూల్ సాబ్ ముఖం తెలిసినవాళ్లు తక్కువ, గొంతు తెలియనివాళ్లు లేరు. వేరుశెనగ విత్తనాలు వచ్చినా, కళ్ల డాక్టరు శిబిరం పెట్టినా, కొత్త మిఠాయి అంగడి తెరిచినా ఆటో పైన కట్టిన స్పీకర్లలోంచి పలికేది ఆయనే. ఇంటి ముందరి గదిలో నాలుగు వైపులా బొంతలు వేలాడదీసి, మధ్యలో కంప్యూటరు, దాని ముందు మైకు పెట్టుకుని ఇరవై ఏళ్లుగా ఆయన ఆ పనే చేస్తున్నాడు. పక్క మండలాలకూ ఆయన గొంతే పోతుంది.

ఆయన భార్య ఖాతూన్‌బీకి ఆ గది గడప మీద కూర్చుని వేరుశెనక్కాయలు వలవడం అలవాటు. రికార్డు జరుగుతున్నంతసేపూ నోరు తెరవకూడదని రసూల్ సాబ్ ఈ పని మొదలుపెట్టిన కొత్తలోనే షరతు పెట్టాడు. ఆమె ఆ షరతును అక్షరాలా పాటించింది. ఆయన "తప్పక విచ్చేయండి!" అని ముగించిన మరుక్షణం ఆమె మొదలుపెట్టేది. ఆయన చేయి మౌసు మీదికి పోయి రికార్డింగు ఆపేలోపు ఆ అంగడి గురించి ఆమెకున్న అభిప్రాయం పూర్తిగా అందులోకి ఎక్కేది. తర్వాత ఆయన కూర్చుని ఆ తోకను కత్తిరించి, శుభ్రమైన ప్రకటనను "రెడీ" అనే ఫోల్డరులో పెట్టేవాడు. కత్తిరించనివి "పచ్చివి" అనే ఫోల్డరులో ఉండేవి. ఈ రెండూ "ప్రకటనలు" అనే పెద్ద ఫోల్డరులో ఉండేవి. రసూల్ సాబ్ దేన్నీ పారేసే మనిషి కాదు. "పచ్చివి"లో ఆరేళ్లుగా ఖాతూన్‌బీ అన్నవన్నీ భద్రంగా ఉన్నాయి.

మొన్నటిదాకా ఆటోలవాళ్లు పెన్‌డ్రైవు జేబులో వేసుకుని బస్సెక్కి కదిరికి వచ్చేవాళ్లు. శింగనమల ఓబిలేష్‌కైతే రానూపోనూ ఒక రోజు పట్టేది. పోయిన శుక్రవారం అతావుల్లా ఆ బాధకు విరుగుడు తెచ్చాడు. అతావుల్లాది కదిరిలోనే మైకు ఆటో. నలభై ఏళ్ల మనిషి. ఏ యంత్రమైనా అన్ని బటన్లూ నొక్కితే దారికి వస్తుందని అతని నమ్మకం.

"మధ్యలో ఎవురూ ఉండరు రసూలన్నా," అన్నాడు, ఫైళ్లు పంచుకునే ప్రోగ్రామును కంప్యూటరులోకి ఎక్కిస్తూ. "నీ కంప్యూటరు నుంచి నా ఫోనుకు, నా ఫోను నుంచి ఓబిలేష్ ఫోనుకు. ఒక చెరువు నిండితే ఇంకో చెరువుకు పారినట్ల. నువ్వు ఫోల్డరులో ఏస్తే చాలు, అదే పోతాది."

ఏ ఫోల్డరును పంచాలని ప్రోగ్రాము అడిగింది. అతావుల్లా "ప్రకటనలు" మీద నొక్కాడు.

"రెడీ ఒక్కటి ఇస్తే చాలు కదప్పా?" అన్నాడు రసూల్ సాబ్.

"పెద్దది ఇస్తే చిన్నది దాంట్లోనే ఉంటాది కదన్నా."

ఆ తర్వాత వరసగా కొన్ని గళ్లు వచ్చాయి. లింకు చేతిలో ఉన్నవాళ్లెవరైనా ఫైళ్లు తీసుకోవచ్చునని ఒక గడిలో, కంప్యూటరు తెరవగానే ప్రోగ్రాము దానంతటదే మొదలవుతుందని ఇంకో గడిలో ముందే టిక్కులు పెట్టి ఉన్నాయి. "పెట్టినోళ్లకు తెలీదా?" అని అతావుల్లా వాటిని అట్లే వదిలేశాడు.

హిందూపురంలో ఒక కాలేజీ ఆఫీసులో పనిచేసే కూతురు నాజ్‌నీన్ ఈ సంగతి విని శనివారం ఫోను చేసింది. "ఏం పంచుతాండావో, ఎవురికి పంచుతాండావో ఒకసారి తెరిచి చూసుకో నాయనా," అంది. "చూసినాలేమ్మా," అన్నాడు రసూల్ సాబ్. ఆయన చూడలేదు.

మంగళవారం తొమ్మిదింటికి గంగాధరప్ప ప్రకటన తయారైంది. చివర్లో రసూల్ సాబ్ ఈసారి కొత్తగా ఒక సన్నాయి ముక్క కూడా చేర్చాడు. ఆటోలవాళ్లకు ఫోను చేసి, వచ్చినవన్నీ వరసగా వేయమన్నాడు. వాళ్లు పెద్ద ఫోల్డరు తెరిచి మీట నొక్కారు. అక్షరమాలలో "ప" ముందు వస్తుంది, "ర" తర్వాత వస్తుంది. ఫోను ఆ క్రమాన్నే గౌరవించి, "రెడీ"ని వెనక్కి పెట్టి "పచ్చివి" మొదలుపెట్టింది.

పావుగంటకు శింగనమల నుంచి ఓబిలేష్ ఫోను చేశాడు.

"ఏమన్నా, ఈసారి కొత్త మాదిరి చేసినావు! జనాలు పనులు వదిలిపెట్టి వింటాండారు."

రసూల్ సాబ్ ముఖం వికసించింది. "చివర్న వచ్చేది విన్నావా?"

"దానికే కదన్నా జనం! ఆడోళ్లయితే చివరిది మళ్లీ ఏయి, మళ్లీ ఏయి అని ఆటోకు అడ్డం నిలబడ్కున్నారు. యాడ దొరికిందన్నా అది?"

"యాడిదో కాదప్పా, ఇంట్లోనే ఉండాది. ఇన్నేండ్లూ వాడుకోవాలని నాకే తెలీలేదు," అన్నాడు రసూల్ సాబ్, సన్నాయిని తలచుకుంటూ. "సౌండు ఇంకొంచెం పెంచు. ఇంకో నాలుగు ఊర్లు తిప్పు."

"అట్లేలే అన్నా. దీన్ని మా సంఘం గ్రూపులో పెట్టేదా? అందరూ అడుగుతాండారు."

"పెట్టప్పా, పెట్టు. మంచిది నలుగురికీ పోవాల."

మైకు ఆటోల సంఘం గ్రూపులో అప్పటికి నూట నలభై మంది ఉన్నారు. ఓబిలేష్ లింకును అందులో పెట్టాడు. రసూల్ సాబ్ తువ్వాలు భుజాన వేసుకుని క్షౌరానికి బయలుదేరాడు.

క్షురకుడు కుడివైపు పూర్తిచేసి ఎడమవైపుకు తిరిగేసరికి వీధి మొదట్లో అతావుల్లా ఆటో వినిపించింది. రసూల్ సాబ్ కళ్లు మూసుకుని తన గొంతును తానే విన్నాడు.

"గంగాధరప్ప వస్త్రాలయం! ఏ చీరె తీసుకున్నా రంగు గ్యారంటీ! కుటుంబ సమేతంగా తప్పక విచ్చేయండి!"

సన్నాయి రావలసిన చోట గింజలు పడిన చప్పుడైంది. తర్వాత ఖాతూన్‌బీ వచ్చింది.

"రంగు గ్యారంటీనా? అవునవును, చీరెకు కాదు, బకెట్‌కు. పోయినేడు తెచ్చిన ఎర్ర చీరె నానబెడితే నీ తెల్ల లాల్చీ పెండ్లికొడుకు మాదిరి అయిపాయె. ఆ అంగట్లో దుప్పట్లు మాత్రం మంచివి. పదేండ్లయినా నూలు పోలేదు. వాటి గురించి ఒక ముక్క చెప్పడు ఆయప్ప."

క్షురకుడి కత్తెర గాలిలో ఆగింది. రసూల్ సాబ్ కళ్లు తెరిచాడు. ఆటో దగ్గరికి వచ్చేసింది.

"కుళ్లాయప్ప మిఠాయి భాండార్! అంతా స్వచ్ఛమైన నెయ్యితోనే!"

"నెయ్యి డబ్బా బయట పెట్టినాడు, నేనూ చూసినా. మూత తీసినట్ల మాత్రం యాడా కనపడలేదు."

"శివప్ప బోరు పాయింట్లు! చూపించిన చోట నీళ్లు పడటం ఖాయం!"

"ఆయప్ప ఇంటికే నాలుగు దినాలకొకసారి ట్యాంకరు వస్తాది."

రసూల్ సాబ్ మెడకు కట్టిన గుడ్డతోనే వీధిలోకి దూకాడు. తలలో సగం నున్నగా, సగం చెదిరి ఉంది. రెండు చేతులూ ఊపుతూ "ఆపు! ఆపప్పా!" అని అరుస్తూ ఆటో వెనక పరుగెత్తాడు. మైకు కింద రోజంతా కూర్చునే మనిషి గనక అతావుల్లా చెవుల్లో దూది పెట్టుకుంటాడు. అద్దంలో రసూలన్న చేతులూపుతూ రావడం కనపడింది. ప్రకటన అంత బాగా కుదిరిందన్నమాట అనుకున్నాడు. తానూ చేయెత్తి ఊపి, సౌండు పెంచి, మలుపు తిరిగిపోయాడు.

రసూల్ సాబ్ ఇంటికి పరుగెత్తాడు. కంప్యూటరు ముందు కూలబడి "పచ్చివి" ఫోల్డరును మొత్తం చెరిపేశాడు. దాని మీద కూడా నమ్మకం లేక గోడ మీది మెయిన్ స్విచ్చు ఆపేశాడు. ఇంట్లో ఫ్యాను, ఫ్రిజ్జు, అన్నీ ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో రెండు వీధుల అవతలి నుంచి ఖాతూన్‌బీ గొంతు స్పష్టంగా వినిపించింది.

"ఇంట్లో ఉండానే, బయట యాడ మాట్లాడతాండా నేను?" అంది ఖాతూన్‌బీ గడప దగ్గర నిలబడి.

రసూల్ సాబ్ జరిగింది చెప్పాడు. ఆమె కోప్పడుతుందనుకున్నాడు. ఆమె కాసేపు చెవి ఒగ్గి విని, "నేను అన్నదాంట్లో అబద్ధమేముండాది?" అంది.

"అబద్ధం లేకపోవడమే కదే కొంప ముంచింది! రేపటినుంచి మనకు ప్రకటన ఎవురిస్తారు? పిల్ల పెండ్లికి ఇప్పుడిప్పుడే నాలుగు..." అని ఆయన నాజ్‌నీన్ గుర్తొచ్చి ఆగి, ఆమెకే ఫోను చేశాడు.

నాజ్‌నీన్ అంతా వింది. ఫోను పక్కకు పెట్టి నవ్విందని రసూల్ సాబ్‌కు తర్వాత తెలిసింది.

"చెరిపేసినా కదమ్మా, ఇంక పోయినట్లే కదా?"

"నీ దగ్గర పోయినాయి నాయనా. తీసుకున్నోళ్ల దగ్గర ఉండాయి. వాళ్ల దగ్గర్నుంచి ఇంకొకరు తీసుకుంటాండారు. నీ కంప్యూటరు అక్కర్లేదు ఇంక దానికి. అసలు ఫోల్డరు అంతా ఎందుకిచ్చినావు? లింకు ఎవురికిచ్చినావు?"

"ముగ్గురికే ఇచ్చినా."

"మిగతావాళ్లకు?"

"మిగతావాళ్లకు... పెట్టమని నేనే చెప్పినా."

"మళ్లీ కంప్యూటరు తెరిస్తే ముందు ఆ ప్రోగ్రామును ఆపాల నాయనా," అని నాజ్‌నీన్ చెబుతుండగా, చిలమత్తూరు నుంచి ఎవరో తెలియని డ్రైవరు చేసిన ఫోను మధ్యలో వచ్చింది. ఆ అమ్మగారి మాటలు ఇంకేమైనా ఉంటే పంపమని అతను మర్యాదగా అడిగాడు. రసూల్ సాబ్ పెట్టేశాడు. వెంటనే ఇంకో ఫోను వచ్చింది. ఈసారి బోరు పాయింట్ల శివప్ప.

"కేసు ఏస్తా రసూలూ! శింగనమలలో ఆంజనేయులు అనే రైతు ఈ పొద్దు నా పాయింటు మీద బోరు ఏపించాల్సింది. రిగ్గు బండిని ఊరి బయట్నించే వెనక్కి పంపినాడు!"

రసూల్ సాబ్ చెమట తుడుచుకున్నాడు. ఈ గండం గట్టెక్కడానికి తన గొంతు తప్ప తన దగ్గర ఇంకేం లేదని ఆయనకు తోచింది. క్షమాపణ ప్రకటన చేయాలి. మెయిన్ స్విచ్చు వేసి, కంప్యూటరు తెరిచి, మైకు ముందు కూర్చున్నాడు.

"నాజ్‌నీన్ ఏందో ఆపాలని చెప్పినట్లుండాదే," అంది ఖాతూన్‌బీ.

"నువ్వు మాట్లాడొద్దు!"

ఆమె మళ్లీ గడప మీద కూర్చుని కాయలు అందుకుంది. రసూల్ సాబ్ గొంతు సవరించుకుని, ఇరవై ఏళ్లలో ఎన్నడూ లేనంత గంభీరంగా మొదలుపెట్టాడు. "ప్రజలకు విన్నపం. ఈ దినం మైకులో వినపడిన కొన్ని మాటలు పొరపాటున వచ్చినవి. వాటితో మాకు సంబంధం లేదు. గంగాధరప్ప గారి వస్త్రాలయంలో చీరెల రంగు ఎట్టి పరిస్థితుల్లోనూ పోదని మనవి చేసుకుంటున్నాము."

"పోతాది," అంది ఖాతూన్‌బీ.

రసూల్ సాబ్ రికార్డింగు ఆపి, తోక కత్తిరించడానికి కత్తెర బొమ్మ మీద నొక్కబోయాడు. కంప్యూటరు తెరవగానే దానంతటదే మొదలైన ప్రోగ్రాము ఆసరికే కొత్త ఫైలును గుర్తించి, దాని పని అది చేసేసింది. తెర మూలన చిన్న అక్షరాలు కనపడ్డాయి: నలభై ఆరుగురు తీసుకుంటున్నారు. ఆయన చూస్తుండగానే అది నలభై తొమ్మిది అయింది.

క్షమాపణ ప్రకటన మొదటి ప్రకటన కంటే బాగా నడిచింది. చిన్నది కావడంతో డ్రైవర్లు దాన్ని మళ్లీ మళ్లీ వేశారు. మధ్యాహ్నానికి కదిరి బస్టాండులో ఎవరు ఏమన్నా పక్కవాళ్లు "పోతాది" అనడం మొదలైంది.

రెండింటికి ఓబిలేష్ మళ్లీ ఫోను చేశాడు. ఆంజనేయులు, ఇంకో పదిమంది రైతులు ట్రాక్టరెక్కి నేరుగా శివప్ప ఊరికి పోయారట. సరిగ్గా ఆ సమయానికి శివప్ప ఇంటి ముందు ట్యాంకరు నిలబడి ఉందట, పైపు లోపలికి వేసి. "శివప్ప ఏమన్నాడప్పా?" అని అడిగాడు రసూల్ సాబ్. "ఏమంటాడన్నా. బిందె పక్కకు పెట్టి లోపలికి పోయినాడు," అన్నాడు ఓబిలేష్. కేసు సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు. ఆంజనేయులు ఆ బోరుకు ఇల్లాలి నగలు కుదువ పెట్టబోయాడని, అవి ఇప్పుడు ఆమె మెడలోనే ఉన్నాయని ఓబిలేష్ చివర్లో చెప్పాడు. ఖాతూన్‌బీ ఆ మాట విని, వినపడనట్టు, కాయలు వలుస్తూనే ఉంది.

మిఠాయి కుళ్లాయప్ప మనిషిని పంపాడు. ఆ మనిషి ఒక డబ్బా మైసూరుపాకు గడప మీద పెట్టి, "ఇది నెయ్యితో చేసింది, అమ్మను చూడమన్నాడు," అని చెప్పి పోయాడు.

గంగాధరప్ప మాత్రం కదల్లేదు, ఫోను చేయలేదు. అదే రసూల్ సాబ్‌కు భయంగా ఉంది. ముప్పై ఏళ్లుగా అంగడి నడుపుతున్న మనిషి. చవితి, ఉరుసు, పెండ్లిండ్ల కాలం, ప్రతి ప్రకటనా ఆయనదే. ఈలోపు నాజ్‌నీన్ ఫోనులోనే ఒక్కొక్కటీ చెప్పి పంచడం ఆపించింది. పాత లింకు పనిచేయకుండా చేయించింది. దానంతటదే మొదలయ్యే గడిలో టిక్కు తీయించింది. "రెడీ" ఒక్కటే, ముగ్గురికి మాత్రమే, అదీ రసూల్ సాబ్ ఒప్పుకున్నాకే పోయేటట్టు పెట్టించింది.

"మరి పోయినవి?" అన్నాడు రసూల్ సాబ్.

"పోయినవి పోయినట్లే నాయనా. పిలిస్తే వెనక్కి రావు."

సాయంత్రం నాలుగింటికి గంగాధరప్ప వచ్చాడు. నెత్తి మీద పెద్ద మూటతో అంగడి మనిషి ఒకడు, వాళ్ల వెనక ముప్పై మంది జనం. మూటలో ఏముందో తెలియక రసూల్ సాబ్ మెల్లగా తలుపు చాటుకు జరిగాడు. గంగాధరప్ప ఆయన సగం క్షౌరం తలను అటూ ఇటూ చూసి, ఇంట్లోకి తొంగి చూశాడు.

"ఖాతూన్‌బీ ఉండాదా?"

"తప్పు నాదన్నా," అన్నాడు రసూల్ సాబ్. "ఆమెను ఏమీ అనొద్దు. ఫోల్డరు ఇచ్చింది నేను, చూడంది నేను."

"నేను ఉండా," అంటూ ఖాతూన్‌బీ చేతులు తుడుచుకుని ముందుకు వచ్చింది. "నా మాటకు నేనే జవాబు చెప్పుకుంటా. ఏమన్నా, ఎర్ర చీరె రంగు పోలేదంటావా?"

గంగాధరప్ప అరుగు మీద కూర్చున్నాడు. "పొద్దుటి నుంచి ఒక్క చీరె అమ్మలేదమ్మా," అన్నాడు. "వచ్చినోళ్లంతా దుప్పట్లు యాడ అని అడిగినారు. నా అంగట్లో దుప్పట్లు ఉండాయని నాకే గుర్తు లేదు. అటక మీద్నించి దింపించినా. మూడింటికల్లా ఒక్కటి మిగల్లేదు. ముదిగుబ్బ నుంచి బస్సెక్కి వచ్చినారు దుప్పట్లకు!"

జనం తలలూపారు. రసూల్ సాబ్ తలుపు చాటు నుంచి సగం బయటికి వచ్చాడు.

"ఇరవై ఏండ్లుగా ఈయన అరుస్తాండాడు నా అంగడి గురించి," అని గంగాధరప్ప ఆయన వైపు వేలు చూపాడు. "ఎవురూ నమ్మి రాలేదని ఈ పొద్దు తెలిసింది. నువ్వు ఒకదాన్ని తిట్టి ఒకదాన్ని మెచ్చుకున్నావు. మెచ్చుకున్నదానికి ఊరు ఊరే కదిలొచ్చింది. అందుకే వచ్చినా. పాత సరుకు వాపసు పంపిస్తాండా. ఇవి కొత్తవి. నువ్వు చూసి, బాగుంటే బాగుండాదని ఒక మాట మైకులో చెప్పాల."

"నేను అబద్ధం చెప్పనన్నా."

"చెప్పొద్దు తల్లీ. ఉతుకు."

మూట విప్పారు. ఎనిమిది చీరెలు. జనం గోడ వెంబడి సర్దుకుని కూర్చున్నారు. ఇంతలో అతావుల్లా ఆటో తెచ్చి గుమ్మం ముందు ఆపి, చెవుల్లోంచి దూది తీసి, మైకు వైరును లోపలికి లాగాడు. ఖాతూన్‌బీ కొంగు బిగించి బండ దగ్గర కూర్చుంది. అంగడి మనిషికి చాకిరీ చెప్పడం బాగుండదని బకెట్లు మోసే పని రసూల్ సాబ్‌కు పడింది.

మొదటిది, రెండోది నీళ్లలో పడగానే బకెట్టు గులాబీ రంగుకు తిరిగింది. "వీటిని తీసుకుపో," అంది ఖాతూన్‌బీ మైకులో. మూడోదానికి అంచు రంగు పోయింది, నాలుగోది కొంచెం అనుమానంగా ఉందని రెండుసార్లు ఉతికింది. ఒక్కొక్కదానికీ నీళ్లు మార్చాలంది, లేకుంటే ఏది దేని రంగో తెలియదంది.  పక్కన పెట్టినవాటిని గంగాధరప్ప తానే మడిచాడు. చివరిది ఎర్ర చీరె. దాన్ని ఆమె నానబెట్టింది, బండకేసి బాదింది, పిండింది, మళ్లీ నానబెట్టింది, తెల్ల గుడ్డతో రుద్ది వెలుతురుకు పట్టి చూసింది.  మైకులో నీళ్లు కారే చప్పుడు మాత్రమే మూడు వీధులకు వినపడింది.

"పోలేదు," అంది ఖాతూన్‌బీ.

చీరె రంగు పోలేదు గానీ ఇంటి వాడకానికి పట్టుకున్న డ్రమ్ములో నీళ్లు అయిపోయాయి. మళ్లీ కుళాయి నీళ్లు వచ్చేది శనివారమే.